ఆటలో రాక్షసుడెవరు?

పిల్లోళ్ళు సెల్లుకు మరిగి చెడిపోయారని అనుకోని ఇల్లు ఈ మధ్య మన గేరుల్లో లేదు. సుగ్గి నుంచి తిరిగొచ్చిన తల్లులు బడి దగ్గరికొచ్చి, "సార్, మీరన్నా చెప్పండి, ఆ ఆటలు మాన్పియ్యండి" అని అడుగుతాండారు. పొద్దున బడిలో పాఠాలు చెప్పి, రాత్రి సంఘం మీటింగులకు తిరిగే మాలాంటి వాళ్ళకు ఈ మాట రెండు చోట్లా వినపడుతోంది. మాన్పించడం మా చేతిలో లేదు. అసలు అన్నీ మాన్పించాల్సినవేనా అన్నది చూడాలి. మన పెద్దోళ్ళు సినిమా చూస్తే చెడిపోతారన్నారు, వీసీఆర్ వస్తే చెడిపోతారన్నారు. చదువుకుంటే చెడిపోతారని మనల్ని అన్నవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు ఎవరో, ఎందుకన్నారో మనకు తెలుసు. కాబట్టి "చెడిపోతారు" అనే మాట ఎక్కడ విన్నా ఒక్క నిమిషం ఆగి ఆలోచించే అలవాటు మనకు ఉండాలి.

సెల్లులో ఉండే ఆటలన్నీ ఒకటి కాదు. డబ్బు పెట్టి ఆడే రమ్మీ లాంటివి జూదం. మన రాష్ట్రంలో వాటిని 2020లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు ఆటల మీద చట్టం చేసింది. దాని మీద వాదన అక్కరలేదు. మిరప కోసి తెచ్చిన కూలి డబ్బు జూదంలో పోతే దాన్ని ఆట అని ఎవరూ అనరు. ఇంక తుపాకీ ఆటలు. పబ్జీని 2020 సెప్టెంబరులో నిషేధించారు, పిల్లోళ్ళ మీద ప్రేమతో కాదు, దేశ భద్రత పేరు చెప్పి. 2021లో అది పేరు మార్చుకొని మళ్ళీ వచ్చింది. మన కుర్రోళ్ళు ఎక్కువగా ఆడేది అదే. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, కాల్చు, కాల్చించుకో, అంతే.

మేము మాట్లాడాలనుకుంటున్నది మూడో రకం. సాహసపు ఆటలు. ఇందులో ఒక మనిషి ఉంటాడు, లేదా ఒక పిల్ల ఉంటుంది. ముందర ఒక దారి ఉంటుంది. మూసిన తలుపు ఉంటుంది, దాని తాళం ఇంకెక్కడో ఉంటుంది. ఆడేవాడు ఆలోచించి, వెతికి, తప్పి, మళ్ళీ నడిచి కథను ముందుకు తీసుకుపోవాల. అంటే ఇది ఆట కంటే కథ ఎక్కువ. కథ అయినప్పుడు మనం అడగాల్సిన ప్రశ్నలు పాతవే. ఈ కథ ఎవరు చెబుతున్నారు? ఇందులో మంచోడెవరు, చెడ్డోడెవరు? మనం యాడ ఉన్నాం?

మన దేశంలో తయారై ప్రపంచమంతా పేరొచ్చిన సాహసపు ఆట ఒకటుంది. పేరు 'రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్'. పూణేలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ అనే చిన్న సంస్థ తయారు చేసి 2020లో విడుదల చేసింది. అదే ఏడాది గేమ్ అవార్డ్స్ అనే అంతర్జాతీయ బహుమతుల్లో తొలి ఆటల విభాగంలో పోటీకి కూడా ఎక్కింది. ఇంజనీరింగ్ చదివే మన కుర్రోడొకడు పండగకు లాప్‌టాప్ తెస్తే దాంట్లో చూశాం. నలుగురు పిల్లోళ్ళు మార్చి మార్చి ఆడితే మేము వెనక కూర్చున్నాం.

రాజీ ఒక రాజకుమారి కాదు. సర్కస్ ఆడి బతికే పిల్ల. తమ్ముడు గోలును రాక్షసులు ఎత్తుకుపోతారు, రాఖీ పండగ రోజు. వాణ్ణి వెతుక్కుంటా పోవడమే కథ. గోడలెక్కుతుంది, స్తంభాలు పట్టుకొని గిరగిరా తిరుగుతుంది, కోటల మీద నుంచి దూకుతుంది. ఆ ఒళ్ళు విరుపులన్నీ సర్కస్ పిల్లవే. కథను మధ్యమధ్యలో నీడబొమ్మలతో చెబుతారు. అది చూసి మన పిల్లోళ్ళు "సార్, తోలుబొమ్మలాట!" అని అరిచారు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట బొమ్మలాటగాళ్ళ పేరు పాఠంలో విన్న పిల్లోళ్ళే. మన దిక్కు గడ ఎక్కి ఆడే దొమ్మర ఆడపిల్లల్ని వాళ్ళు చూశారు. ఆ కులం పేరును తిట్టుగా వాడే పాడు అలవాటు మన గేరుల్లో కూడా ఉంది. అట్లాంటి పిల్ల ఒక ఆటకు నాయకురాలు కావడం చిన్న విషయం కాదు. ఈ మాట ముందు చెప్పి తర్వాత తప్పులు చెబుతాం.

ఈ ఆటలో రాక్షసుల నాయకుడి పేరు మహాబలాసురుడు. బలిచక్రవర్తికీ వీడికీ సంబంధం ఉందని ఆట చెప్పదు. కాని ఆ పేరు విన్న మనకు గుర్తుకొచ్చేది ఎవరు? జోతిబా ఫూలే 1873లో 'గులాంగిరి' రాసి, అసురులని పిలిపించుకున్నవాళ్ళు ఈ నేల మీది రైతులూ శూద్రులూ అతిశూద్రులేనని, బలి రైతుల రాజని వాదించాడు. కేరళలో ఓణం వస్తే జనం ఇండ్ల ముందర పూలు పరిచి మహాబలిని పిలుచుకుంటారు. మనకు ఆ పక్కనున్న కర్ణాటకలో, మైసూరులో, దళిత సంఘాలూ ప్రగతిశీలురూ మహిష దసరా అని జరుపుకుంటున్నారు. ఇంత వాదన నూటయాభై ఏండ్లుగా నడుస్తావుంటే, 2020లో చదువుకున్న కుర్రోళ్ళు ఆట తయారు చేస్తూ దుర్గ చేతి త్రిశూలం ఆ పిల్ల చేతికిచ్చి "పో, అసురుల్ని చంపు" అని పంపించారు. ఆ వాదన ఉందని కూడా వాళ్ళ చెవికి సోకినట్టు లేదు. ఇది కుట్ర అని మేము అనడం లేదు. కుట్ర అయితే ఎదిరించడం తేలిక. ఇది అలవాటు. అమ్మమ్మ చెప్పిన కథ, టీవీలో వచ్చిన కథ, బొమ్మల పుస్తకంలో చదివిన కథ అట్లే ఆటలోకి దిగింది. ఎవరి అమ్మమ్మ అన్నదే మన ప్రశ్న.

ఇంకొకటి ఉంది, దాని మీద మేము ఎక్కువసేపు మాట్లాడుకున్నాం. రాజీ కోటల్లోకి పోతుంది, గుడుల్లోకి పోతుంది. ఎవరూ ఆపరు. ఎందుకు ఆపరంటే లోపల మనుషులే లేరు. ఎవరూ లేరు కాబట్టి "నీది ఏ కులం, ఎవరి బిడ్డవు, లోపలికి ఎట్లొచ్చినావ్" అని అడిగేవాడు లేడు. గోడల మీద దేవుళ్ళ బొమ్మలుంటాయి, ఆ పిల్ల నిలబడి వాటి కథ వింటుంది. సర్కస్ పిల్ల గుడి గర్భంలోకి పోయి దేవుళ్ళ కథ వినడానికి మన ఊర్లలో రాక్షసుల్ని చంపితే సరిపోతుందా? మాతో ఉన్న తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, "సార్, ఊరోళ్ళు ఉండుంటే ఆట మొదట్నే ఆగిపోయుండు" అనింది. ఆ పిల్ల నవ్వుతా అన్నా, ఈ ఆట మీద ఇంతకంటే మంచి విమర్శ మేము యాడా చదవలేదు.

అయినా పిల్లోళ్ళను ఆడనియ్యండనే చెబుతాం. బొమ్మ బాగుంది, సంగీతం బాగుంది, ఆడపిల్ల భయపడకుండా నడిచే కథ. పెద్దోళ్ళు పక్కన కూర్చోవాల. ఆడినంకనో, ఆడుతున్నప్పుడో, "వీళ్ళను రాక్షసులని ఎవరన్నారు?" అని ఒక్క మాట అడిగితే చాలు, మిగతాది వాళ్ళే మాట్లాడతారు.

పెద్ద కంపెనీల ఆటల సంగతి వేరే. 'అన్‌చార్టెడ్: ది లాస్ట్ లెగసీ' అని 2017లో వచ్చిన ఆట ఉంది. అమెరికా వాళ్ళు తీశారు, కథ జరిగేది మన పక్కనే, పడమటి కనుమల్లో. హొయసల రాజ్యం కాలం నాటి గణేశుడి దంతం కోసం ఇద్దరు ఆడవాళ్ళు వెతుకుతారు. మన పిల్లోళ్ళలో దీన్ని ఆడినోళ్ళు లేరు, యూట్యూబులో వేరేవాళ్ళు ఆడేది చూసినోళ్ళు ఉన్నారు. కొండలు, జలపాతాలు, రాతి గుడులు కండ్లు చెదిరేటట్టు ఉంటాయి. మొదట్లో ఒక బజారులో జనం కనిపిస్తారు. తర్వాత ఆ కొండల్లో తుపాకులు పట్టినవాళ్ళు తప్ప మనిషి కనపడడు. కొండల్లో బతికేవాళ్ళు ఏమయ్యారు? వాళ్ళ దేవుడు ఎవరు? ఆ నిధి ఎవరిది? ఈ రకం కథల్లో సాహసమంటే ఇంకొకరి నేలకు పోయి అక్కడ ఉన్నది వెతికి తీసుకోవడం. మన దిక్కు గుప్తనిధుల కోసం రాత్రిపూట గుడులు తవ్వేవాళ్ళను పోలీసులు పట్టుకుంటారు. వాళ్ళను ఎవరూ సాహసవంతులు అనరు.

నిజంగా నిధి వేటకు పోయేవాళ్ళు మనోళ్ళే. తొలకరి పడంగానే తుగ్గలి, జొన్నగిరి దిక్కు చేండ్లలోకి జనం వజ్రాలు ఏరడానికి పోతారు. సద్దిమూట కట్టుకొని, పిల్లాజెల్లా వెంటేసుకొని, నడుము వంచి రాయి రాయీ చూసుకుంటా పొద్దుగూకేదాకా. ఒకరికి దొరుకుతుంది, వెయ్యి మందికి దొరకదు. దొరికినోడు కూడా వ్యాపారి చెప్పిన రేటుకు ఇచ్చి రావాల్సిందే. దీన్ని ఎవరన్నా ఆటగా తీస్తే అందులో వ్యాపారిని గెలవడమే కష్టమైన ఘట్టంగా ఉంటుంది. ఎవరూ తీయలేదు.

ఇప్పుడు మేము గట్టిగా సిఫారసు చేసే ఆట. 'నెవర్ అలోన్'. 2014 నవంబరులో వచ్చింది. అమెరికాకు ఉత్తరాన, మంచుతో కప్పుకుపోయిన అలాస్కాలో ఇనుపియాక్ అనే ఆదివాసీ జనం ఉన్నారు. అక్కడి ఆదివాసీల సంస్థ ఒకటి, కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్ అని, ఆటలు తయారు చేసేవాళ్ళను పిలిపించుకొని, మా కథ మాతో కూర్చొని చేయండి అనింది. అట్లా చేయించుకున్న ఆట ఇది. నూనా అనే పిల్ల, ఒక తెల్ల నక్క కలిసి మంచు తుపాను ఎక్కడ పుడుతోందో వెతుక్కుంటా పోతారు. కథ చెప్పే గొంతు ఇనుపియాక్ భాషలోనే ఉంటుంది, ఇంగ్లీషు కింద అక్షరాల్లో వస్తుంది. ఆట ముందుకు పోయేకొద్దీ ఆ జనంలోని ముసలోళ్ళు, వేటగాళ్ళు మాట్లాడిన చిన్న చిన్న వీడియోలు తెరుచుకుంటాయి. మంచు మీద ఎట్లా నడవాలి, వేటాడిన జంతువును ఎట్లా పంచుకోవాలి అని వాళ్ళ నోటితోనే చెబుతారు.

ఈ ఆట తయారీలో ఒక సంగతి మా మనసుకు బాగా పట్టింది. ఆ కథ రాబర్ట్ నస్రుక్ క్లీవ్‌లాండ్ అనే కథకుడు చెప్పిన పాత కథ. ఆయన లేడు. ఆట తీసేవాళ్ళు ఆయన కూతురు, ముసలామె, మిన్నీ గ్రే దగ్గరికి పోయి, "అమ్మా, మీ నాయన కథ మేము వాడుకోవచ్చా" అని అడిగారు. ఆమె ఒప్పుకున్నాకే పని మొదలైంది. అడగడం! మన డప్పు దరువులు సినిమావాళ్ళు తీసుకున్నప్పుడు ఎవరన్నా మన గేరికి వచ్చి అడిగినారా? మన అవ్వల పాటలు తీసుకొని వేరేవాళ్ళ పేరు మీద వేసుకున్నప్పుడు అడిగినారా?

లోపాలు లేవని కాదు. ఆట చిన్నది, ఒక పూటలో అయిపోతుంది. ఒక్కడే ఆడితే పిల్లనూ నక్కనూ మార్చి మార్చి నడిపించాల్సి వచ్చి విసుగు పుడుతుంది. ఇద్దరు కూర్చొని ఆడితే బాగుంటుంది. మా పిల్లోళ్ళు ఒకే చోట ఇరవైసార్లు మంచులో పడిపోయి, నక్కను నడిపేవాడు పిల్లను నడిపేవాణ్ణి తిట్టుకొని, మళ్ళీ కలిసి దాటారు. ఇద్దరూ బతికితేనే దారి ఉంటుంది ఈ ఆటలో. ఒకడు ముందుకురికితే ఇద్దరూ చస్తారు.

సాహసపు ఆటలు యాడ పుట్టాయన్నది కూడా మనం తెలుసుకోవాల్సిన సంగతే. 1976లో అమెరికాలో విల్ క్రౌథర్ అనే ఆయన మొదటి ఆట రాశాడు. 1977లో డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు. బొమ్మలు లేవు, అంతా రాత. "ఉత్తరానికి పో", "దీపం తీసుకో" అని ఇంగ్లీషులో రెండు మాటలు కొడితే కథ ముందుకు పోతుంది. క్రౌథర్ గుహలు తిరిగే మనిషి. కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహల్లో తాను తిరిగి కొలిచిన ఒక భాగాన్నే ఆటలో పెట్టాడు. ఇప్పుడు ఆ ఆట ఉచితంగా దొరుకుతుంది, ఎంత పాత కంప్యూటరులోనైనా ఆడొచ్చు.

ఆ గుహలను క్రౌథర్ కంటే నూటముప్పై ఏండ్ల ముందే వెతికి, పటం గీసినవాడు ఒకడున్నాడు. పేరు స్టీఫెన్ బిషప్. నల్ల మనిషి, బానిస. 1838లో పదిహేడేండ్ల వయసులో యజమాని ఆయన్ను ఆ గుహలకు దారి చూపే పనికి పెట్టాడు. దీపం పట్టుకొని, ఎవరూ దాటని లోతైన గుంటను నిచ్చెన అడ్డమేసి దాటి, అవతల మైళ్ళ కొద్దీ దారులు కనుక్కున్నాడు. 1842లో జ్ఞాపకం మీద గుహంతా పటం గీశాడు. అది పుస్తకంలో అచ్చయింది. ఆ గుహ చూడ్డానికి దేశదేశాల నుంచి దొరలు వచ్చారు, ఆయన చూపించాడు. 1856లో బానిసత్వం నుంచి విడుదలయ్యాడు, ఆ మరుసటేడే చనిపోయాడు. సాహసమంటే ఇది. ఆ గుహల పేరు మీద పుట్టిన ఆట ప్రపంచమంతా పోయింది, ఆ ఆటలో స్టీఫెన్ బిషప్ లేడు.

మన బెలుం గుహలను తీసుకోండి. కొలిమిగుండ్ల దగ్గర, మొన్నటిదాకా మన జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర రాశాడని, 1982, 83ల్లో గెబావర్ అనే జర్మనీ ఆయన జట్టుతో వచ్చి కొలిచాడని, మొత్తం పొడవు 3,229 మీటర్లని పుస్తకాల్లో ఉంటుంది. అవి నిజాలే, గౌరవించాల్సిన పనే. కాని వాళ్ళొచ్చేదాకా ఆ బిలం ఉందని ఆ ఊరోళ్ళకు తెలవదా? బెలుం అన్న పేరే బిలం నుంచి వచ్చింది కదా. వాళ్ళకు గుహ ద్వారం చూపించిన గొర్రెలకాపరి పేరు, దీపం పట్టుకొని ముందర నడిచిన కూలి పేరు ఏ బోర్డు మీదా లేవు. పిల్లోళ్ళను టూరుకు తీసుకుపోయినప్పుడు ఈ మాట చెప్పండి.

పంతుళ్ళకు ఒక మాట. ఆ పాత రాత ఆట ఇంగ్లీషు నేర్పడానికి బాగా పనికొస్తుంది. టేక్, డ్రాప్, ఓపెన్, గో. క్రియ లేకుండా ఆట కదలదు. గ్రామరు పుస్తకంతో మూడు నెలలకు రానిది వారంలో వచ్చింది. 2022 డిసెంబరులో ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చింది. అట్లాంటివి బడిలో మూలన పడి ఉంటే ఇట్లా వాడండి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ వేరేవాళ్ళ ఆటలు. మనవి యాడ? కంప్యూటరు లేకుండానే మొదలుపెట్టొచ్చు. బడిలో మేము ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లోళ్ళతో చీటీల ఆట ఒకటి రాయించాం. ఒక్కో చీటీ మీద ఒక్కో ఘట్టం, కింద రెండు మూడు దారులు. కథ వాళ్ళనే ఎంచుకోమన్నాం. దయ్యాలు రాస్తారు, సినిమా రాస్తారు అనుకుంటాం కదా. సుగ్గి రాశారు.

మొదటి చీటీ ఇట్లా ఉంది. "దీపావళి అయిపోయింది. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చిపోయినాడు. మీ అమ్మ మూట కడతాంది. నువ్వు సుగ్గికి పోతావా? 2వ చీటీకి పో. జేజి దగ్గర ఉండి బడికి పోతావా? 9వ చీటీకి పో." రెండో చీటీలో లారీ. గుంటూరు దిక్కు మిరప చేను, గుడారం, చేతుల మంట. మూడున్నర నెలలు. తొమ్మిదో చీటీలో జేజికి జ్వరం, తమ్ముడికి బువ్వ వండాల, బడి గంట కొట్టేశారు. ఏ దారిలో పోయినా సుఖం లేదు. ఒకడు మాత్రం సీజనల్ హాస్టలు చీటీ రాశాడు, దాంట్లో రాత్రి అమ్మ గుర్తొచ్చి ఏడవడం కూడా రాశాడు.

పదిహేడో చీటీ మీద కొట్లాట అయింది. సుగ్గికి పోయిన ఊర్లో టీ హోటలు, నీకు గ్లాసు వేరే ఇచ్చినారు. ఏం చేస్తావ్? తాగి పోతావా, పారేస్తావా, పోలీసు స్టేషన్‌కు పోతావా? 1989 చట్టం గురించి మేము పాఠంలో చెప్పినాం కాబట్టి స్టేషన్ దారిలో పోతే గెలవాలని కొందరన్నారు. ఒక పిల్లోడు లేచి, "స్టేషన్‌కు పోతే, రేపు రాపో అని చీటీ ఉండాల. ఆ రేపు చీటీకి పోతే మళ్ళీ రేపు రాపో అని ఉండాల" అన్నాడు. ఇంకో పిల్ల ఒప్పుకోలేదు. "ఒక్కడే పోతే అట్ల అంటారు. లారీలో వచ్చినోళ్ళంతా కలిసి పోతే ఇంకో చీటీకి పోవాల" అనింది. మేము ఎవరి పక్షమూ తీసుకోలేదు. రెండు చీటీలూ ఆటలో ఉన్నాయి. ఒక్కడే పోతే ఒక చీటీ, అందరూ కలిసి పోతే ఇంకొకటి.

మొత్తం నలభైమూడు చీటీలయినాయి. దీన్ని కంప్యూటరులో పెట్టడానికి ట్వైన్ అని ఒక సాధనం ఉంది. ఉచితం. క్రిస్ క్లిమాస్ అనే ఆయన 2009లో తయారు చేశాడు. ప్రోగ్రామింగు రానివాళ్ళు కూడా చీటీలు రాసి దారులు కలపొచ్చు. తెలుగులో రాయొచ్చు. అయిపోయినంక ఒకే ఫైలు అవుతుంది, వాట్సాపులో పంపితే సెల్లులో తెరుచుకుంటుంది.

సంఘంలో లాప్‌టాపులున్న కుర్రోళ్ళు చానామంది ఉన్నారు. ఎమ్మిగనూరు, ఆదోని కాలేజీల్లో కంప్యూటరు చదివేవాళ్ళు ఉన్నారు. వాళ్ళను మేము అడిగేది ఒక ఆదివారం. చీటీలు టైపు చేయాల, పిల్లోళ్ళు రాసిన మాటలు దిద్దకుండా, "పోతాండా" అని ఉంటే "పోతున్నాను" అని మార్చకుండా. బొమ్మలు పిల్లోళ్ళే వేస్తారు. దీపావళి లోపల అయితే మంచిది. అయిపోతే లారీలు బయలుదేరతాయి, రాసినోళ్ళలో సగం మంది ఉండరు. ఇరవైయారో చీటీ ఇంకా ఖాళీగా ఉంది. ఉగాదికి తిరిగొచ్చిన పిల్లను బడిలో ఏ తరగతిలో కూర్చోబెట్టాల అన్న దగ్గర ఆగింది, దాని మీద ఇంకా వాదులాడుకుంటాండారు.